ఇనుము మీద ఓనమాలు

మొన్న ఆదివారం సుభాష్‌పల్లిలో తెలుగు సంఘం హాల్లో ఏం జరిగిందో మీలో సగం మందికి ఇప్పటికే తెలిసే ఉంటుంది. వీడియో కూడా తిరుగుతోందట. తిరగనీయండి! కానీ వీడియోలో ఉన్నది చివరి ఇరవై నిమిషాలే. దాని వెనక మూడు వారాలు, పదకొండు ఇనప పెట్టెలు, కదలకుండా ఆగిపోయిన ఒక లారీ ఉన్నాయి. ఆ సంగతి నేనే చెప్పాలి. టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి.

నా పేరు సన్యాసిరావు. మా వాళ్ళు సన్నాసి అంటారు. ఫ్యాక్టరీలో బెంగాలీ వాళ్ళు అది నోరు తిరక్క సన్నీ-దా, అంటే సన్నీ అన్న, చేసేశారు. నలభై ఏడేళ్ళొచ్చాయి, ఇంకా సన్నీయే! మా తాత విజయనగరం దగ్గర్నుంచి వచ్చి ఖరగ్‌పూర్ రైల్వేలో చేరాడు. మా నాన్నా రైల్వేయే. నేను మాత్రం నిమ్‌పురా అవతల ఒక ప్రైవేటు ఫౌండ్రీలో గ్రైండింగ్ చేస్తాను. దాని పేరు చెప్పను. నాకింకా పదేళ్ళ సర్వీసుంది.

బెంగాలీ చదువుతాను. హిందీ చదువుతాను. ఇంగ్లీషులో మెషీను మీద రాసిందంతా చదువుతాను. తెలుగంటారా, మాట్లాడ్డం మొదలెడితే నన్ను ఆపడం మీ వల్ల కాదు. కానీ తెలుగు చదవడం రాదు. కొంచెం వచ్చు, మర్చిపోయాను, అలాంటిది కాదు. అస్సలు రాదు.

ఈ సంగతి బయటపడకుండా ఇరవై ఏళ్ళుగా నా దగ్గరొక మందు ఉంది. "అయ్యో, కళ్ళజోడు మర్చిపోయినానే!" పెళ్ళి శుభలేఖ చేతికిస్తే కళ్ళజోడు. గుళ్ళో కరపత్రం ఇస్తే కళ్ళజోడు. నిజానికి నాకు కళ్ళజోడే లేదు. దూరంగా పోయే గూడ్సు బండి మీద నంబరు కూడా చదివేస్తాను. మా ఆవిడ పార్వతి పలాస పిల్ల, తనొక్కదానికే తెలుసు. పెళ్ళికి ముందు తనొకే ఒక్క ఉత్తరం రాసింది. నేను చాలా ఆలోచించి, 'అంతా నాకు సమ్మతమే' అని హిందీలో జవాబిచ్చాను. తీరా తన ఉత్తరంలో నా చొక్కా కొలత అడిగిందట.

ఇందులో అసలు సిగ్గుచేటు సంగతి ఏమిటంటే, మా అక్క తెలుగు నేర్పుతుంది. అవును, సత్యవతక్కే! పగలంతా జాకెట్లు కుట్టి, సాయంత్రం ఇంటి వరండాలో చాప పరిచి, నలభై ఏళ్ళుగా రైల్వే పిల్లలకి అ ఆలు దిద్దించింది. ఇక్కడ స్కూల్లో బెంగాలీనో హిందీనో ఇంగ్లీషో చదువుకునే మన పిల్లల్లో ఎవరికైనా తెలుగు చదవడం వస్తే, అది మా అక్క చలవే. ఊరందరికీ నేర్పింది. పక్కనే ఉన్న తమ్ముడికి తప్ప.

అక్క తప్పేం లేదు. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. నాకంటే పద్నాలుగేళ్ళు పెద్దది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు అందర్లాగే నన్నూ చాప మీద కూర్చోబెట్టింది. ఒకరోజు బోర్డు మీద ఒక వాక్యం రాసి, "సన్నాసీ, సదువు" అంది. రెండో మాట దగ్గర ఆగిపోయాను. ఎంతకీ రాలేదు. చాప మీద పిల్లలంతా కిలకిలా నవ్వారు. నేను లేచి గేటు దాటి ఒకటే పరుగు! కాలి చెప్పు ఒకటి అక్కడే ఉండిపోయింది. మర్నాటి నుంచి క్లాసు టైముకి నాకు కడుపునొప్పి వచ్చేది. కొన్నాళ్ళకి అక్క పిలవడం మానేసింది.

మూడు వారాల క్రితం సంఘం ప్రెసిడెంటు నూకరాజు గారు మా ఇంటికొచ్చారు. టీ తాగి, మీసం తుడుచుకుని, విషయం చెప్పారు.

"ఒరే సన్నాసీ, వచ్చే నెల మొదటి ఆదివారం మన సత్యవతికి సన్మానం సేస్తన్నాం. శాలువా, పూలదండ, సన్మానపత్రం, అన్నీ ఉన్నాయి. పత్రం ఎవులు సదవాలని అడిగితే, మా తమ్ముడు సదవాలంది. ఇంకెవులూ వద్దంది."

నా నోరు దానంతటదే తెరుచుకుని 'కళ్ళ...' దాకా వెళ్ళింది. అక్కడాగింది. ఫంక్షనుకి ఇంకా మూడు వారాలుంది. మూడు వారాల ముందుగా మర్చిపోయే కళ్ళజోడు ఎక్కడుంటుంది చెప్పండి!

"ఠీక్ హై," అన్నాను. "నాను సదువుతాను."

లోపల గ్లాసులు కడుగుతున్న పార్వతి చేతిలోంచి ఒకటి జారి పడింది. స్టీలు గ్లాసు, చాలాసేపు దొర్లింది.

ఆయన వెళ్ళాక పార్వతి మెల్లగా వచ్చింది. "ఏటండీ, పోనీ మీకు గొంతు పట్టేసిందని సెప్పి నాను సదివీనా?"

అప్పటిదాకా నేను కూడా సరిగ్గా అదే ఆలోచిస్తున్నాను. కానీ తను పైకి అనేసరికి ఎక్కడో కాలింది. "అక్కర్లేదు! మూడు వారాల్లో నేర్చుకుంటాను," అన్నాను. పార్వతి నవ్వలేదు. నవ్వితే బాగుండేది, వదిలేసేవాణ్ణి. "అయితే నేర్సుకోండి," అని లోపలికి వెళ్ళిపోయింది. ఇంక చచ్చినట్టు నేర్చుకోవాల్సిందే.

ఎలా? పార్వతిని అడగొచ్చు. అడగను, మగాణ్ణి కదా. అక్కని అడగొచ్చు. అంతకంటే గ్రైండింగ్ వీల్లో తల పెట్టడం నయం. చివరికి అక్క ఇంటికి ఊరికే వెళ్ళినట్టు వెళ్ళి, వరండాలో గోడకి వేలాడుతున్న, బొమ్మలూ గుణింతాలూ ఉన్న అక్షరాల చార్టు ఫొటో తీద్దామనుకున్నాను. అక్క కుట్టు మెషీను దగ్గర్నుంచి ఇటే చూస్తోంది. అనుమానం రాకూడదని చార్టు ముందు నిలబడి సెల్ఫీ తీసుకున్నాను.

"ఏటిరా, ఎప్పుడూ లేంది సెల్ఫీ?"

"ఏటీ లేదక్కా, ఊరికే."

ఇంటికొచ్చి చూస్తే సగం చార్టు నా తలే. ట నుంచి మ దాకా నా చెవి వెనక ఉండిపోయాయి. మర్నాడు మళ్ళీ వెళ్ళి, ఈసారి ఇంకో పక్కకి ఒరిగి, ఇంకో సెల్ఫీ. అక్క ఏమీ అడగలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఇక చదువుకోడానికి చోటు కావాలి. ఇంట్లో పార్వతి ఉంటుంది. టీ కొట్లో మీరుంటారు. మిగిలింది ఫ్యాక్టరీ. అక్కడ తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే, నేనేం గీసినా ఎవరికీ అర్థం కాదు. బ్రహ్మాండమైన ఐడియా అనుకున్నాను!

మా పని కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. మేం హౌసింగులు పోత పోస్తాం. గేర్ల మీద మూతలా కూర్చునే ఇనప పెట్టెలు, ఒక్కోటి మనిషి మోకాలి ఎత్తుంటుంది. నేను గరుకులు గ్రైండ్ చేస్తాను. తర్వాత తపన్-దా అని పెద్దాయన ప్రతి పీసూ తిప్పి చూసి, ఎక్కడైనా పగులో బుడగో ఉంటే సుద్దముక్కతో గుర్తు పెడతాడు. సుద్ద గుర్తున్న పీసు గేటు దాటకూడదు. ఆ గుర్తు ఎవరు పెట్టారో వాళ్ళే వచ్చి, ఎందుకు పెట్టారో చెప్పి, వాళ్ళ చేత్తోనే తుడవాలి. ఇంకెవరూ తుడవకూడదు. ఇది మా దగ్గర దేవుడి మాట లాంటిది. ఇరవై రెండేళ్ళుగా నాకు తెలిసిన రూలే.

తెలిసి కూడా, లంచ్ టైములో అందరూ తిండికి వెళ్ళగానే, తపన్-దా డబ్బాలోంచి ఒక సుద్దముక్క తీసుకుని హౌసింగుల మీద అ ఆలు దిద్దడం మొదలెట్టాను. నల్లటి ఇనుము మీద తెల్లటి అక్షరాలు! ఎంత బాగా కనబడతాయో! రాయడం, చదవడం, గ్లవ్‌తో తుడిచేయడం. వారానికి అక్షరాలు పట్టుబడ్డాయి. ఇంకో నాలుగు రోజులకి గుణింతాలు. నాకే ఆశ్చర్యం, ఒక్కో అక్షరం తెలుస్తుంటే ఛాతీ వెడల్పవుతోంది. నిమ్‌పురా గుడి గోడ మీద 'చెప్పులు ఇక్కడ విడవండి' అని తెలుగులో ఉంటుందని నలభై ఏడేళ్ళకి తెలుసుకున్నాను. ఇన్నాళ్ళూ ఏదో శ్లోకం అనుకుని దణ్ణం పెట్టేవాణ్ణి.

ఇంతలో నూకరాజు గారు సన్మానపత్రం డ్రాఫ్టు వాట్సాప్‌లో పంపారు. దాన్ని చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి. అక్షరం కింద అక్షరం, దాని కింద ఇంకో అక్షరం, మూడంతస్తుల మేడలు! 'విద్యాదాన వ్రతధారిణి' అట. 'సౌజన్యమూర్తి' అట. 'కృతజ్ఞతాంజలి' అట. మా అక్క మంచిది, పిల్లలకి చదువు చెప్పింది అని రాస్తే వీళ్ళ సొమ్మేం పోయింది?

సరే, పట్టు పట్టాను. పోయిన వారం బుధవారం లంచ్‌లో రాక్ మీద పదకొండు హౌసింగులున్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో కష్టమైన మాట, పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. పదకొండూ బోర్డుల్లా వరసగా నిలబడి ఉన్నాయి. వెనక్కి వచ్చి చూసుకుని మురిసిపోయాను. తుడుద్దామని గ్లవ్ తీస్తుండగా, గ్రైండింగ్ బెల్టు జామయిందని అటునుంచి కేక. పరిగెత్తాను. బాగుచేసి వచ్చేసరికి రాక్ ఖాళీ! క్రేను వచ్చి పదకొండూ ఎత్తుకుపోయింది.

లోడింగ్ దగ్గరికి వెళ్ళేసరికి లారీ ఇంజను ఆపేసి ఉంది. దాని ముందు క్వాలిటీ ఇన్‌చార్జి ఘోష్-బాబు నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో ఎర్రపెన్ను, మొహంలో నవ్వన్నది పుట్టినప్పట్నుంచీ లేదు. 'సౌజన్యమూర్తి' ముందు వంగి కూర్చుని టార్చి వేసి చూస్తున్నాడు.

"ఏటా కీ?" అన్నాడు. ఇదేంటి అని. "కే లిఖేఛే?" ఎవరు రాశారు అని.

అప్పటికి షాపులో, అంటే మేం పనిచేసే షెడ్డులో, ఉన్న నలభై మందీ చుట్టూ చేరారు. ఒకడు ఒడియా అన్నాడు. ఇంకొకడు, పార్టీవాళ్ళ రహస్య కోడు అయ్యుంటుందన్నాడు. ఘోష్-బాబు తిన్నగా తపన్-దా వైపు తిరిగాడు. ఆయన బెంగాలీలో అన్నది మీకు తెలుగులోనే చెబుతాను.

"గుర్తులు పెట్టేది నువ్వు. సుద్దముక్క నీది. రిజిస్టర్లో సంతకం నీది. పదకొండు పీసుల మీద ఏముందో నీకు తెలీదా?"

"ఆమి కొరిని, సార్," అన్నాడు తపన్-దా. నేను చెయ్యలేదు సార్ అని. రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుంది ఆయనకి. కాంట్రాక్టు మనిషి, రేపు రావద్దంటే అంతే.

"ఎవరో చెప్పేదాకా ఈ లారీ కదలదు. చెప్పకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఇప్పుడు చెప్పేది కొంచెం కష్టంగా ఉంటుంది నాకు. నేను ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. సుద్దముక్క నా జేబులో ఉంది. 'నేనే' అంటే అయిపోతుంది. అనలేదు. నలభై ఏడేళ్ళ తెలుగువాడు అ ఆలు దిద్దుకుంటున్నాడని నలభై మంది నవ్వుతారు. ఆ నవ్వుకి జడిసి, ఒక పెద్దమనిషి నా బదులు తిట్లు తింటుంటే చూస్తూ నిలబడ్డాను. ఒక నిమిషం కాదు, బాగా అయిదు నిమిషాలు.

ఇన్నేళ్ళూ నేను నాకేం చెప్పుకున్నానో తెలుసా? టైము లేదు. అవసరం లేదు. ఖరగ్‌పూర్లో తెలుగెందుకు? అన్నీ అబద్ధాలే. చాప మీద పిల్లలు నవ్విన రోజు పట్టుకున్న భయం, అదింకా నన్ను పట్టుకునే ఉంది. తప్పు చదువుతానేమోనని చదవడమే మానేసిన మొనగాణ్ణి నేను. ఆ క్షణంలో నా మీద నాకే ఎంత అసహ్యం వేసిందంటే, కాళ్ళు వాటంతటవే ముందుకు నడిచాయి.

"దాదా, నేనే రాశాను."

ఘోష్-బాబు టార్చి నా మొహం మీద వేశాడు. పట్టపగలు!

"నువ్వా? ఏ డిఫెక్టు ఇది?"

"డిఫెక్టు పీసులో లేదు దాదా, నాలో ఉంది. ఇది మా తెలుగు. నాకు చదవడం రాదు. నేర్చుకుంటున్నాను. మా అక్క సన్మానంలో చదవాలి."

అంతే, షాపంతా గొల్లుమంది. నవ్వారు, మామూలుగా కాదు, రేకులు ఎగిరేలా నవ్వారు. అదే నవ్వు, ముప్పై తొమ్మిదేళ్ళ పాటు నేను తప్పించుకు తిరిగిన నవ్వు. వచ్చింది, పోయింది. నేనింకా అక్కడే నిలబడి ఉన్నాను. రెండు కాళ్ళకీ బూట్లున్నాయి.

ఘోష్-బాబు మాత్రం నవ్వలేదు. రిజిస్టరు తెప్పించాడు. ఎర్రపెన్ను తీశాడు. "రూలు తెలుసుగా. గుర్తు పెట్టినవాడే ఎందుకు పెట్టాడో చెప్పి తుడవాలి. ఒక్కో పీసూ చదువు. చదివాక తుడువు. తప్పయితే తుడవడానికి లేదు."

తెలుగు ఒక్క ముక్క రాని మనిషి నాకు తెలుగు పరీక్ష పెట్టాడండీ! నలభై మంది ముందు, లారీ డ్రైవరు క్యాబిన్లోంచి తొంగి చూస్తుండగా! తప్పు చదివినా ఆయనకి తెలీదు. కానీ నాకు తెలుస్తుంది కదా. తప్పించుకోకూడదని అప్పటికే నిశ్చయించుకున్నాను.

మొదటిది చదివాను. తుడిచాను. ఘోష్-బాబు రిజిస్టర్లో టిక్కు పెట్టాడు. రెండు, మూడు, నాలుగు. ఏడు దాకా బానే నడిచింది. ఎనిమిదోది 'కృతజ్ఞతాంజలి'. కృత... అక్కడ ఆగిపోయాను. నేనే రాశాను, నాకే రావడం లేదు! గేటు వైపు చూశాను. లారీ కోసం బార్లా తెరిచి ఉంది. ఎనిమిదేళ్ళప్పుడు ఎంత దూరమో ఇప్పుడూ అంతే దూరం.

"ధీరే, సన్నీ-దా, ధీరే," అన్నాడెవరో పక్కన. మెల్లగా అని. చూస్తే తపన్-దా! నా వల్ల తిట్లు తిన్న మనిషి.

మెల్లగానే చదివాను. కృ. త. జ్ఞ. తాం. జ. లి. పదకొండూ అయ్యేసరికి షాపంతా చప్పట్లు. లారీ డ్రైవరు హారను కొట్టాడు, మెచ్చుకునో, ఆలస్యమయిందనో. నేను తపన్-దా చేతులు పట్టుకుని క్షమించమన్నాను. "ముందు నా సుద్దముక్క ఇచ్చేయ్," అన్నాడాయన.

మర్నాడు లంచ్ టైముకి నా మెషీను పక్కన పగిలిపోయిన ఒక హౌసింగు పెట్టి ఉంది. దాని మీద ఎర్ర పెయింటుతో 'రిజెక్టు' అని. ఘోష్-బాబు పంపించాడట. "గేటు దాటని పీసు. దీని మీద ఎంత కావాలంటే అంత రాసుకోమను." రెండు వందల కిలోల పలక ఈ ప్రపంచంలో ఇంకెవరికైనా ఉందా?

సరే, ఆదివారం వచ్చింది. పొద్దున్న పదింటికి హాలు నిండిపోయింది. అక్క దగ్గర చదువుకున్న పిల్లలు, వాళ్ళ పిల్లలు, అందరూ. అక్క స్టేజీ మీద కుర్చీలో కొత్త చీర కట్టుకుని, ఎవరి పెళ్ళికో వచ్చినట్టు మొహమాటంగా కూర్చుంది. నేను మంచి ధీమాగా ఉన్నాను. నిజం చెప్పాలంటే, చదవడం కొంత వచ్చింది కానీ, డ్రాఫ్టు మొత్తం బట్టీ కూడా పట్టేశాను. ముందు జాగ్రత్త! కళ్ళు మూసుకుని కూడా చెప్పేయగలను.

నూకరాజు గారు ఫ్రేము నా చేతిలో పెట్టారు. విజయనగరంలో అచ్చు వేయించి రైల్లో తెప్పించారట, పొద్దున్నే దిగింది. బంగారు రంగు అంచు, అద్దం. మొదటి లైను చూశాను. నేను బట్టీ పట్టిన లైను కాదు! రెండో లైను చూశాను. అదీ కాదు!

"డ్రాఫ్టు మరీ సప్పగా ఉందని మొత్తం మార్పించినానురా," అన్నారు నూకరాజు గారు చెవిలో, గర్వంగా.

మైకు ముందు నిలబడ్డాను. హాలంతా నన్నే చూస్తోంది. అప్పుడు నా నోట్లోంచి ఇరవై ఏళ్ళ అలవాటు దానంతటదే ఊడిపడింది. మైకులో!

"కళ్ళజోడు మర్చిపోయినాను."

"ఇదిగోరా," అంది అక్క. ఆ క్షణం కోసమే కూర్చున్నట్టు తన కళ్ళజోడు తీసి నా చేతికిచ్చేసింది.

పెట్టుకున్నాను. ఏం చెయ్యను! పెట్టుకోగానే అక్షరాలన్నీ నీళ్ళల్లో పడ్డట్టు అలికేసుకుపోయాయి. అంతకుముందు రాని తెలుగు, ఇప్పుడు కనబడ్డం కూడా మానేసింది. ముందు వరసలో పార్వతి తల దించుకుంది. పక్కకి చూస్తే తలుపు తెరిచే ఉంది. నా జీవితంలో అవసరమైనప్పుడల్లా ఏదో ఒక తలుపు తెరిచే ఉంటుంది, అదేం ఖర్మో!

చాలు, ఇంక చాలు అనుకున్నాను. కళ్ళజోడు తీసి అక్క చేతిలో పెట్టేశాను.

"అక్కా, నాకు కళ్ళజోడు లేదు. ఎప్పుడూ లేదు. నాకు తెలుగు సదవడం రాదు. మూడు వారాలై నేర్సుకుంటన్నాను. తప్పులొస్తాయి, ఆలస్యం అవుతాది. అయినా నానే సదువుతాను. నవ్వినోళ్ళు నవ్వండి," అన్నాను మైకులోనే.

"నెమ్మదిగా సదువు," అంది అక్క. "నాకేటీ తొందర లేదు."

చదివాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, వేలు పెట్టి, గ్రైండింగ్‌లో గరుకు తీసినట్టు ఒక్కోదాన్నీ నున్నగా చేసుకుంటూ చదివాను. తప్పు పడితే వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాను. ఒక్క పేజీకి పద్దెనిమిది నిమిషాలు పట్టిందని వీడియోలో ఉందట. మధ్యలో ఎవరూ లేవలేదు. అక్క కళ్ళు తుడుచుకోవడం చూశాను కానీ ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలవుతుందో లేదో నమ్మకం లేదు.

ఇక్కడే చిన్న పొరపాటు జరిగింది. కొత్తగా చదివేవాడికి అక్షరం ముందొస్తుంది, అర్థం కొంచెం వెనకాల నడుచుకుంటూ వస్తుంది. 'ఇట్లు, తెలుగు సంఘం సభ్యులు' అని చదివాను. అక్కడ ఆగాలట. నాకేం తెలుసు? దాని కింద ఇంకో రెండు లైన్లు చిన్న చిన్న అక్షరాలతో కనబడ్డాయి. అక్షరం కనబడితే వదిలే స్థితిలో లేను. అదే భక్తితో, అదే గొంతుతో కొనసాగించాను.

"అన్ని... రకాల... శుభలేఖలు... కరపత్రాలు... ఫ్లె... ఫ్లెక్సీ బ్యానర్లు... రబ్బరు... స్టాంపులు... ఆకర్షణీయంగా... తయారు చేయబడును. ఆదివారం... సెలవు."

నూకరాజు గారు నా చొక్కా లాగుతున్నారు. నేను చెయ్యి విదిలించేశాను. రబ్బరు స్టాంపుల అర్థం నాకు ఆదివారం సెలవు దగ్గర తెలిసింది. అప్పటికి ప్రెస్సు వాడి ఫోను నంబరులో సగం కూడా చదివేశాను.

హాలంతా పడి పడి నవ్వారు. నేనూ నవ్వాను. పార్వతి అయితే కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వులు తగ్గాక అక్క లేచి వచ్చి మైకు తీసుకుంది.

"నా కిలాసు నుంచి సెప్పు వదిలేసి పారిపోయినాడు వీడు. ఆరోజు నుంచీ నాకు తెలుసు, వీడికి సదవడం రాదని. ఎన్నిసార్లు పిలిసినా కడుపునొప్పే. అందుకే ఈ సన్మానం వద్దు వద్దన్నదాన్ని, వీడు సదివితేనే వస్తానని ఒప్పుకున్నాను. సెల్ఫీలు తీసుకుంటంటే కూడా సూస్తానే ఉన్నాను."

మూడు వారాలు దొంగలా తిరిగాను. నా కోసమే ఆ వల పన్నిందని అప్పుడు తెలిసింది.

"ఈరోజుతో మా తమ్ముడు పాసు," అంది అక్క. తర్వాత నా వైపు తిరిగి, మొహం సీరియస్‌గా పెట్టి, "ఒరే సన్నాసీ, ముందర పక్క అయిపోయినట్టుంది. ఎనకపక్క ఏటైనా రాసుందేమో అదీ సూడు," అంది.

అక్క ఎగతాళికే ఆ మాట అన్నదని అందరికీ అర్థమయింది, నాకు తప్ప. నేను నిజంగానే ఫ్రేము తిప్పి చూశాను. వెనక ఒక కాగితం అంటించి ఉంది, స్టేషన్లో దించినవాళ్ళు అంటించి ఉంటారు, 'సాబ్‌ధాన్, కాఁచ్ ఆఛే' అని. జాగ్రత్త, అద్దముంది అని. మొత్తం బెంగాలీలోనే.

అది మాత్రం గడగడా చదివేశాను.